మనసు కలతపడితే కడుపెందుకు చెడుతుంది: వంటింటి మందులను వేళ తెలిసి వాడుకునే పద్ధతి

“అన్నం సయించడం లేదు”, “ముద్ద దిగడం లేదు”, “కడుపులో దేవినట్టుంది”, “గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది” అని ఎవరైనా అంటే మనం వారిని ఏం తిన్నారని అడగము, ఏం జరిగిందని అడుగుతాము. మనసులోని కలత కడుపులో తేలుతుందన్న సంగతి తెలుగు మాటకు అంత బాగా తెలుసు. “గ్యాస్ ట్రబుల్” అనే మాట ఇళ్లలో స్థిరపడిన తరువాత ఆ ప్రశ్న వెనక్కి పోయింది. ఇప్పుడు కడుపు ఉబ్బినా, మండినా, నొప్పి పుట్టినా నింద నిన్నటి కూర మీదకు పోతోంది. వైద్యం వాము డబ్బా దగ్గరో, పొద్దున్నే పరగడుపున వేసుకునే బిళ్ల దగ్గరో ఆగిపోతోంది.

ఇక్కడ చెప్పబోయే పద్ధతికి నాలుగు వారాలు పడుతుంది. వంటింటి మందులు పనికిరావని చెప్పడం దీని ఉద్దేశం కాదు, అన్నింటికీ మనసే కారణమని చెప్పడం అంతకన్నా కాదు. ఏ కలతకు మన కడుపు ఏ తీరున స్పందిస్తున్నదో గుర్తుపట్టి, ఆ తీరుకు తగిన మందును తగిన వేళకు తీసుకోవాలి. అలా కాకపోతే మంచి మందు కూడా ఒక్కోసారి కీడే చేస్తుంది.

మొదలుపెట్టే ముందు: ఇంటి వైద్యం చేయకూడనివి

“గ్యాస్ నొప్పి అనుకున్నాం” అనే మాట గుండెపోటు వచ్చిన ఇళ్లలో తరచుగా వినపడుతుంది. ఛాతీ మధ్యలో బరువు లేదా బిగుతు, చెమటలు, ఆయాసం, చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి ఉన్నప్పుడు వాము నీళ్లు కాచుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. మధుమేహం ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ, వయసు మళ్లినవారిలోనూ గుండెపోటు ఒక్కోసారి వికారంగానో, పైకడుపులో ఇబ్బందిగానో మాత్రమే కనపడవచ్చు కనుక వారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ప్రయత్నం లేకుండానే బరువు తగ్గడం, మలంలో రక్తం పడడం లేదా మలం తారులాగా నల్లగా రావడం, రక్తం వాంతి కావడం, మింగుడు పడకపోవడం, రక్తహీనత, జ్వరంతో కూడిన కడుపునొప్పి, నిద్రలోంచి లేపే నొప్పి, యాభై దాటిన తరువాత కొత్తగా మొదలైన అజీర్తి: వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు, తరువాతే ఈ వ్యాసం.

లోపల జరిగేది ఏమిటి

1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ గుండు తగిలింది. గాయం మానింది గాని పొట్టలోకి పడిన రంధ్రం పూడుకోలేదు. వైద్యం చేసిన సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఆ రంధ్రం గుండా జీర్ణాశయాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి, 1833లో ఆ వివరాలను ప్రచురించాడు. ఆ మనిషికి కోపమో భయమో కలిగినప్పుడు జీర్ణాశయపు లోపలి పొర రంగు మారడాన్ని, జీర్ణరసం ఊరడం తగ్గిపోవడాన్ని ఆయన కళ్లారా చూశాడు. మన చరకసంహిత విమానస్థానం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, మితంగా తిన్న పథ్యమైన అన్నం కూడా చింత, శోకం, భయం, క్రోధం, సుఖంగా లేని పడక, రాత్రి మేలుకోవడం వలన జీర్ణం కాదని చెప్పింది. ఆ వరుసలో వంకాయ లేకపోవడం గమనించదగినది.

ఆందోళన కలిగినప్పుడు మెదడు నుంచి విడుదలయ్యే సీఆర్‌హెచ్ అనే హార్మోను ఒకే సమయంలో రెండు పనులు చేస్తుంది: జీర్ణాశయం ఖాళీ కావడాన్ని మందగింపజేస్తుంది, పెద్దపేగు కదలికను వేగిరపరుస్తుంది. ఎంట్రన్సు పరీక్ష రాయబోయే పిల్లవాడికి పొద్దున తిన్న రెండు ఇడ్లీలు పైకడుపులో రాయిలా కూర్చోవడానికీ, బయలుదేరేలోపు మూడుసార్లు దొడ్డికి పరిగెత్తవలసి రావడానికీ కారణం ఇదే. పైన మందగించినదానికి వాడే మందూ, కింద వేగం పుంజుకున్నదానికి వాడే మందూ ఒకటి కావు. వంటింటి వైద్యం ఎక్కువగా తప్పేది ఇక్కడే.

పేగుల గోడలలో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయి. మెదడునూ పొట్టనూ కలిపే వేగస్ నాడిలోని పోగులలో అధికభాగం కబుర్లను కింది నుంచి పైకి మోసేవే. మనసు చాలాకాలం ఉద్రిక్తంగా ఉంటే ఈ కబుర్ల స్థాయి పెరిగి, పేగులలో అందరికీ ఉండేపాటి గాలి కూడా నొప్పిగా తెలుస్తుంది. అందువలన “గ్యాస్ ఎక్కువైంది” అని చెప్పేవారిలో చాలామందికి పెరిగినది గాలి కాదు, ఆ గాలిని పసిగట్టే సున్నితత్వం. దీనిని “అంతా నీ భ్రమ” అని కొట్టిపారేయడం అన్యాయం, ఎందుకంటే ఆ నొప్పి నిజమైనదే.

అయితే అన్నీ మనసు మీదకు నెట్టడమూ ప్రమాదమే. జీర్ణాశయంలో పుండ్లు ఆందోళన వలన, మసాలాల వలన వస్తాయని ఒకప్పుడు డాక్టర్లు కూడా నమ్మేవారు. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను గుర్తించిన తరువాత, ఎక్కువ భాగం పుండ్లకు ఆ క్రిమి గాని, నొప్పి బిళ్లల వాడకం గాని మూలమని తేలింది. వారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి తగ్గని మంటకు పరీక్ష చేయించుకోవడం ఈ పద్ధతికి విరుద్ధం కాదు.

మొదటి మెట్టు: రెండు వారాల పుస్తకం

మందు ఏదీ మార్చకుండా రెండు వారాలపాటు ఒక చిన్న నోటుపుస్తకం నడపాలి. కడుపు ఇబ్బంది పెట్టిన ప్రతిసారీ అయిదు సంగతులు రాయాలి: అప్పటి వేళ, చివరగా తిన్నదీ తాగినదీ, అంతకు ముందు రెండు గంటలలో జరిగినది, ఒకే మాటలో మనసు తీరు, కడుపు తీరు. ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో పొద్దున్నే రాసుకోవాలి. మనసు తీరు రాసేటప్పుడు “టెన్షన్” అని రాసి ఊరుకోకూడదు. ఆ ఒక్క మాట కింద భయం, కోపం, చిన్నతనం, దిగులు, విసుగు అన్నీ దాక్కుంటాయి, వాటికి కడుపు ఒకే విధంగా జవాబివ్వదు. కడుపు తీరును కూడా “గ్యాస్” అని కాకుండా మంటా, ఉబ్బరమా, పోటా, వికారమా, విరేచనమా, మలబద్ధకమా అని విడదీయాలి.

మా ఇంట్లో కందిపప్పును మూడు నెలలు నిందించాము. ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ తిన్నానంటే సాయంత్రానికి నాకు పొట్ట డోలులా బిగుసుకునేది. పప్పు మానేసి పెసరకట్టుకు మారినా ఆదివారం సాయంత్రాలు మారలేదు. పుస్తకం మొదలుపెట్టిన రెండో వారంలో నా చేతిరాతలోనే సంగతి బయటపడింది: బుధవారం నాడు బంధువుల ఇంట అదే పప్పు రెండుసార్లు వేయించుకుని తిన్నా ఏమీ కాలేదు, ఆదివారం అయిదు గంటలకు మాత్రం పప్పు లేకుండానే పొట్ట బిగిసింది. ఆ గడిలో “సోమవారం మీటింగు కాగితాలు తీశాను” అని ఉంది. పప్పు మళ్లీ కంచంలోకి వచ్చింది, కాగితాలు శనివారం పొద్దుటికి జరిగాయి.

పుస్తకం ఎప్పుడూ మనసువైపే చూపుతుందని అనుకోవద్దు. పాలు తాగిన ప్రతిసారీ ఉబ్బరం వస్తున్నదని కొందరికి తేలుతుంది. అది పాలచక్కెర పడకపోవడం కావచ్చు. నాలుగో టీ తరువాతే మంట మొదలవుతున్నదని మరికొందరికి తేలుతుంది.

రెండో మెట్టు: కంచం ముందు అయిదు నిమిషాలు

మూడో వారంలో మందు కన్నా ముందు శ్వాస మార్చాలి. కంగారులో ఉన్న మనిషి ఛాతీ పైభాగంతో, నోటితో శ్వాసిస్తూ తెలియకుండానే గాలి మింగుతాడు. తేన్పులలో చాలా భాగం ఆ గాలే.

నిటారుగా కూర్చుని ఒక అరచేతిని బొడ్డు మీద, రెండో అరచేతిని ఛాతీ మీద ఉంచాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు శ్వాస తీసుకుంటే బొడ్డు మీది చెయ్యి పైకి లేవాలి, ఛాతీ మీది చెయ్యి ఉన్నచోటే ఉండాలి. ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలాలి. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. మొదటి రెండు రోజులు ఛాతీ చెయ్యే లేస్తుంది. అప్పుడు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకుని దానిని లేపడం సాధన చేస్తే సులువు. ఈ శ్వాస వేగస్ నాడి ప్రభావాన్ని పెంచి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఛాతీలో పులితేన్పులు, మంట ఉన్నవారికి ఛాతీకీ పొట్టకూ మధ్యనుండే డయాఫ్రం కండరం బలపడడం వలన అదనపు మేలు కూడా ఉన్నది.

ఇక భోజనం. వార్తా చానెళ్ల వాగ్వాదాన్ని నంజుకుంటూ అన్నం తినడం, పిల్లల మార్కుల లెక్కలు కంచం ముందే తేల్చడం, అలిగి పూట మానేసి మరునాడు రెండింతలు తినడం, ఇవి మన ఇళ్లలో మామూలైపోయాయి. కోపంగా ఉన్నప్పుడు బలవంతంగా తినడం కన్నా అరగంట ఆగి తినడం మంచిది, అయితే పూట మొత్తం మానడం మంచిది కాదు. మంట ఉన్నవారు రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల వ్యవధి ఉంచి, మంచం తలవైపు కోళ్ల కింద ఆరు అంగుళాల చెక్కలు పెట్టి, ఎడమవైపు తిరిగి పడుకుంటే చాలా రాత్రులు బిళ్ల అవసరమే పడదు. దిండ్లు ఎత్తుగా పేర్చితే మెడ వంగుతుంది గాని పని జరగదు.

మూడో మెట్టు: తీరును బట్టి మందు

నోటుపుస్తకంలో ఎక్కువసార్లు కనపడిన తీరు ఏదో దానికే మందు ఎంచుకోవాలి. ఒకేసారి మూడు మొదలుపెడితే దేనివలన తగ్గిందో తెలియదు.

ఉబ్బరం, పోటు ఎక్కువగా ఉన్నవారికి వాము కషాయం తగినది. అర చెంచా వామును నూనె లేకుండా మూకుడులో సన్నని సెగ మీద వేయించి, గింజలు చిటపటమని ఘాటు ముక్కుకు తగలగానే దించేయాలి; నల్లబడేదాకా ఉంచితే చేదెక్కుతుంది. ఆ గింజలను అరచేతిలో నలిపి గ్లాసున్నర నీళ్లలో వేసి, గ్లాసు నీళ్లు మిగిలేవరకు కాచి, వడకట్టి, గోరువెచ్చగా గుక్క గుక్కగా తాగాలి. ఆ ఘాటుకు మూలం థైమాల్ అనే పదార్థం. ఇది భోజనమైన తరువాత తీసుకోవలసిన మందు. పరగడుపున తాగి, పైగా దానిలో నిమ్మకాయ పిండుకుని, మంట పెరిగిందని వాపోయేవారు ఎక్కువ. గర్భిణులు వామును కూరలో వేసే పాళ్లకు మించి వాడకూడదు.

పైకడుపు బరువు, వికారం, నాలుగు ముద్దలకే నిండిపోయినట్టుండడం భయంతో మందగించిన జీర్ణాశయపు లక్షణాలు. వీటికి అల్లం మేలు చేస్తుంది; అది జీర్ణాశయం ఖాళీ కావడాన్ని త్వరపరుస్తుంది. భోజనానికి అరగంట ముందు చిటికెన వేలి కణుపంత అల్లం ముక్కను దంచి వేడినీళ్లలో నానబెట్టి తాగవచ్చు, లేదా శొంఠిపొడిని రోజు మొత్తం మీద అర చెంచాకు మించకుండా అన్నం మొదటి ముద్దలో కలుపుకోవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఇంతకన్నా ఎక్కువ తీసుకోకూడదు. మంట ప్రధానంగా ఉన్నవారికి అల్లం, వాము రెండూ పడవు.

మంటకు వంటింట్లో గొప్ప మందు లేదని ఒప్పుకోవడం మంచిది. పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది, ఆ తరువాత అవే పాలు మరింత ఆమ్లాన్ని ఊరిస్తాయి. ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీళ్లు పోసి చిలికిన పలుచని మజ్జిగ, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఇంగువతో మధ్యాహ్న భోజనం చివర చాలామందికి సరిపడుతుంది. సోడాఉప్పు నీళ్లు తక్షణం తేన్పు తెప్పిస్తాయి గాని ఒక చెంచా సోడాఉప్పులో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి పెట్టిన హద్దే 2,000 మిల్లీగ్రాములు. బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాని జోలికి పోకూడదు. అతిమధురం కూడా ఎక్కువ రోజులు వాడితే బీపీని పెంచి, రక్తంలో పొటాషియాన్ని తగ్గిస్తుంది.

కంగారు విరేచనాలకు కషాయాల కన్నా ఆ పూట టీ, కాఫీ మానడం, పరీక్షకో ఇంటర్వ్యూకో రెండు గంటల ముందే చారన్నమో ఇడ్లీయో కొద్దిగా తినడం మేలు. విరేచనాలు ఆగకుండా అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలిపి కొద్దికొద్దిగా తాగాలి.

మలబద్ధకానికి, అలాగే ఒకరోజు మలబద్ధకం మరొకరోజు విరేచనం అన్నట్టుండే పేగు తీరుకు ఇసబ్గోలు పొట్టు నమ్మకమైనది. ఒక చెంచా పొట్టును నిండు గ్లాసు నీళ్లలో కలిపి ఉబ్బకముందే తాగి, మరో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది. ఇతర మందులకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. పేగు నొప్పికి డాక్టర్లు ఒక్కోసారి రాసే పిప్పర్‌మెంట్ నూనె క్యాప్సూల్ వేరు, మనం పచ్చడి చేసుకునే పుదీనా వేరు. ఆ నూనె పేగు కండరాన్ని సడలిస్తుంది, మంట ఉన్నవారికి మాత్రం దానిని పెంచుతుంది.

మనసు కుదుటపడుతుందని అశ్వగంధ పొడిని అడక్కుండా మొదలుపెట్టేవారికి ఒక మాట: అది కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు నమోదయ్యాయి. గర్భిణులు, థైరాయిడ్ జబ్బు ఉన్నవారు దానిని వాడకూడదు. చెట్టునుంచి వచ్చినదంతా సాధువు కాదని గన్నేరును చూసి పెరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

నాలుగో మెట్టు: కలత పని పట్టడం

నాలుగో వారానికి పుస్తకంలో ఒకటి రెండు కలతలు పదే పదే కనపడుతూ ఉంటాయి. భయమైతే, నా పప్పు సంగతిలో జరిగినట్టు, భయపెట్టే పనిని ముందుకో వెనక్కో జరపడం, ముక్కలు చేయడం, తోడు పెట్టుకోవడం వంటి ఆచరణలో ఉన్న దారులు ఉంటాయి. మింగుకున్న కోపమైతే రాయడం ఉపయోగపడుతుంది: వరుసగా మూడు నాలుగు రోజులు, రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు, ఎవరికీ చూపనక్కరలేని కాగితం మీద, అక్షరదోషాలు చూసుకోకుండా, జరిగినదీ అప్పుడు తనకు అనిపించినదీ రాసి చించేయవచ్చు. రాసిన రోజున మనసు బరువెక్కడం సహజం. పెద్ద హింసకో, ప్రమాదానికో గురైనవారు మాత్రం దీనిని ఒంటరిగా చేయకుండా కౌన్సెలర్ సాయంతో చేయాలి.

దుఃఖం సంగతి వేరు. మనిషి పోయిన ఇంట పొయ్యి వెలిగించనీయకుండా చుట్టాలూ ఇరుగుపొరుగూ అన్నం పంపే ఆచారంలో మంచి వైద్యం ఉన్నది: పంపినవారు పక్కన కూర్చుని రెండు ముద్దలు తినిపించి గాని కదలరు. ఆ రోజుల్లో ఆకలి లేకపోవడాన్ని జబ్బుగా చూసి కషాయాలు పోయకూడదు. జావ, చారన్నం, పలుచని మజ్జిగ కొంచెం కొంచెంగా ఇస్తే చాలు. వారాలు గడిచినా తిండి లేక బరువు తగ్గుతుంటే, నిద్ర లేకపోతే, బతకాలని లేదనే మాట వస్తే ఆలస్యం చేయకుండా ఉచిత టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

అయిదో మెట్టు: ఒక కాగితంతో డాక్టరు దగ్గరకు

నాలుగు వారాలైనా సగానికి సగం తగ్గకపోతే పుస్తకాన్ని ఒక కాగితానికి కుదించి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పొద్దున్నే వేసుకునే గ్యాస్ బిళ్లను నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా మానవద్దు. ఆమ్లం ఎదురుతిరిగి ఊరి, మంట రెట్టింపవుతుంది, దానితో బిళ్ల లేనిదే బతకలేమన్న భ్రమ కలుగుతుంది. ఎలా తగ్గించాలో ఆయననే అడగాలి.

కడుపు నొప్పికి వెళితే “మనసు మందు” రాశారని చీటీని చించేసేవారు ఉన్నారు. బ్రిటన్‌లో ఐబీఎస్ అనే పేగు ఇబ్బంది ఉన్న 463 మంది మీద జరిగి 2023లో ప్రచురితమైన పరీక్షలో, దిగులుకు వాడే అమిట్రిప్టిలిన్‌ను దిగులుకు వాడే మోతాదులో చాలా తక్కువ వంతుగా, 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా ఇస్తే, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారికన్నా వారి బాధ ఎక్కువగా తగ్గింది. ఆ మోతాదులో అది ప్రధానంగా పేగుల కబుర్ల స్థాయిని తగ్గించే మందు; అది రాయడంలో మతిమీద అనుమానం ఏమీ లేదు.

కాగితం మీద పైన ఇంతకు ముందు చేయించిన పరీక్షలు, వాడుతున్న మందులు (వాము, శొంఠి, అశ్వగంధ సహా) రాయాలి. కింద రెండే వాక్యాలు ఉండాలి: “నాకు ఎక్కువగా వచ్చేది ఫలానా ఇబ్బంది, ఫలానా వేళకు. అది ఎక్కువసార్లు ఫలానా సంగతి తరువాత వస్తోంది.” గదిలోకి వెళ్లగానే “గ్యాస్ డాక్టరుగారూ” అనకుండా ఆ రెండు వాక్యాలు చదివితే, మిగిలిన నాలుగు నిమిషాలూ అసలు సంగతికే దక్కుతాయి.